లేకపోతే ఏమయ్యేది? ఒత్తిడి బృందాల ప్రభావాన్ని కొలవడంలోని చిక్కు

2016 ఏప్రిల్ 1న మన దేశంలో ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. సిగరెట్ పెట్టె అయినా, బీడీ కట్ట అయినా, ఖైనీ పొట్లం అయినా దాని రెండు వైపులా 85 శాతం స్థలాన్ని ఆరోగ్య హెచ్చరికకే వదిలిపెట్టాలి. అందులో బొమ్మకు 60 శాతం, అక్షరాలకు 25 శాతం. అందుకు పక్షం రోజుల ముందే ఒక పార్లమెంటరీ కమిటీ ఇది మరీ కఠినమని, 50 శాతం చాలునని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఆ సిఫారసును స్వీకరించలేదు. నిబంధన అమలైన రోజు నుంచే పెద్ద సిగరెట్ కంపెనీలు స్పష్టత లేదన్న కారణం చూపి ఉత్పత్తిని నిలిపివేశాయి. మే మొదటి వారంలో సుప్రీంకోర్టు నిబంధనను పాటించాల్సిందేనని చెప్పి, దేశమంతటా దాఖలైన కేసులన్నిటినీ కర్ణాటక హైకోర్టుకు పంపింది. 2017 డిసెంబరులో ఆ హైకోర్టు 85 శాతం నిబంధనను కొట్టివేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేయడంతో హెచ్చరిక పెట్టె మీదే నిలిచింది.

ఈ కథలో పొగాకు పరిశ్రమ ఓడిపోయిందని చెప్పడం తేలిక. అయితే అదే నిబంధనను ప్రభుత్వం 2014 అక్టోబరులోనే ప్రకటించిందని, అది 2015 ఏప్రిల్ 1 నుంచే అమలు కావలసి ఉందని, మధ్యలో ఒక నిండు సంవత్సరం గడిచిపోయిందని గుర్తు చేసుకుంటే ఆ తేలికదనం తగ్గుతుంది. అంతకుముందు పదేళ్ల చరిత్రను కూడా కలిపి చూస్తే ఎవరు గెలిచారో, ఎంత గెలిచారో చెప్పడం ఇంకా కష్టమవుతుంది. ప్రభుత్వ విధానాల మీద ఒత్తిడి బృందాల ప్రభావాన్ని కొలవాలనుకునే ప్రతివారికీ ఎదురయ్యే చిక్కు ఇదే. రాజనీతి శాస్త్రంలో అరవై ఏళ్లకు పైగా దీని మీద వాదన నడుస్తోంది. ఆ వాదనలో తేలిన విషయాలను ఈ హెచ్చరిక బొమ్మ కథను ఆధారం చేసుకుని విడదీసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటల సంగతి. తెలుగులో ఇలాంటి వ్యవహారానికి ‘పైరవీ’ అన్న మాట సిద్ధంగా ఉంది. అయితే ఆ మాటలో నింద ముందే కలిసిపోయి ఉంది, అందువల్ల కొలతకు అది పనికిరాదు. వాణిజ్య మండలి, కార్మిక సంఘం, రైతు సంఘం, వైద్యుల సంఘం, క్యాన్సర్ బాధితుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ – ఇవన్నీ ఒత్తిడి బృందాలే. ఎన్నికల్లో పోటీ చేసి అధికారంలోకి రావాలని చూడకుండా, అధికారంలో ఉన్నవారి నిర్ణయాన్ని తమ వైపు తిప్పుకోవాలని ప్రయత్నించే సంఘటిత వర్గం ఏదైనా ఈ కోవలోకే వస్తుంది. వాటి కోరికలు న్యాయమైనవా కావా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ అడుగుతున్నది ఒక్కటే: ఆ బృందం ప్రయత్నం వల్ల విధానంలో ఏమి మారింది?

‘వల్ల’ అన్న ఆ ఒక్క మాటలోనే కష్టమంతా ఉంది. ప్రభావం అంటే జరిగిన దానికీ, ఆ బృందం అసలు లేకపోతే జరిగి ఉండేదానికీ ఉన్న తేడా. జరిగినది కళ్ల ముందు ఉంటుంది. జరిగి ఉండేది ఎక్కడా ఉండదు; దాన్ని ఊహించి, ఆ ఊహకు తగిన ఆధారాలు కూడగట్టాలి. ఈ రంగంలోని కొలత పద్ధతులన్నీ నిజానికి ఆ లేని ప్రపంచాన్ని ఏదో ఒక పక్క నుంచి అంచనా కట్టే ప్రయత్నాలే.

మూడు దారులు

2008లో ఆండ్రియాస్ డ్యూర్ అనే పరిశోధకుడు యూరోపియన్ యూనియన్‌లో ఒత్తిడి బృందాల మీద వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, వాటిలో ప్రధానంగా మూడు పద్ధతులు కనిపిస్తున్నాయని తేల్చాడు. ఒకటి, నిర్ణయం ఎలా రూపు దిద్దుకుందో అడుగడుగునా వెనక్కి తవ్వి చూడడం. రెండు, ఎవరికి ఎంత పలుకుబడి ఉందని ఆ రంగంలో ఉన్నవారినే అడగడం. మూడు, ప్రతి బృందం ఏమి కోరిందో, చివరికి ఏమి దక్కిందో పక్కపక్కన పెట్టి దూరం కొలవడం.

రెండో దాని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అడిగితే లాబీయిస్టులు, అంటే బృందాల తరఫున జీతానికి ఒత్తిడి తెచ్చేవారు, తమ పని తాము సాధించామని చెప్పుకుంటారు, ఎందుకంటే వారి జీతం దాని మీదే ఆధారపడి ఉంటుంది. అధికారులు తమ మీద ఎవరి ఒత్తిడీ పనిచేయలేదంటారు, ఎందుకంటే వారి పరువు దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇలాంటి సర్వేల్లో బయటపడేది పలుకుబడి గురించిన అభిప్రాయమే, పలుకుబడి కాదు. అభిప్రాయానికీ కొంత విలువ ఉంది, అయితే దాన్ని కొలత అనుకోకూడదు.

మూడో పద్ధతి పైకి ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. హెచ్చరిక బొమ్మనే తీసుకుందాం. పాత స్థితి: పెట్టె ముందు వైపు 40 శాతం. ఆరోగ్య సంఘాలు కోరినది: రెండు వైపులా 85 శాతం. కమిటీ సూచించినది: రెండు వైపులా 50 శాతం. చివరికి వచ్చినది 85. ఒక గీత గీసి ఈ అంకెలను దాని మీద గుర్తిస్తే ఆరోగ్య సంఘాలకు నూటికి నూరు వంతులు దక్కినట్టూ, పరిశ్రమకు ఏమీ దక్కనట్టూ తేలుతుంది. అయితే ఈ గీతలో కాలానికి చోటు లేదు. ఒక ఏడాది ఆలస్యం ఎంత శాతంతో సమానం? దానికి ఈ పద్ధతి జవాబు చెప్పదు. పైగా కోరినది దక్కినంత మాత్రాన అది ఆ బృందం సాధించుకున్నదని అనలేము. ఆరోగ్య మంత్రిత్వ శాఖకు ముందునుంచే ఆ ఉద్దేశం ఉండి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆరోగ్య సంఘాలు తెరిచి ఉన్న తలుపునే తట్టినట్టవుతుంది. అదృష్టానికీ ప్రభావానికీ ఉన్న ఈ తేడాను దూరం కొలిచే పద్ధతి పట్టుకోలేదు.

వ్యవసాయ చట్టాల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2020 జూన్‌లో ఆర్డినెన్సులుగా, సెప్టెంబరులో చట్టాలుగా వచ్చిన మూడింటినీ 2021 నవంబరు 19న ప్రధాని ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించారు; నవంబరు 29న పార్లమెంటు రద్దు బిల్లును ఆమోదించింది. రైతు సంఘాల మొదటి కోరిక పూర్తిగా నెరవేరింది. కనీస మద్దతు ధరకు చట్టబద్ధత కావాలన్న రెండో కోరిక నెరవేరలేదు. రెండిటి సగటు తీసి రైతు సంఘాల ప్రభావం యాభై శాతం అనడం ఎంత అర్థరహితమో చెప్పనక్కరలేదు. మరోవైపు, 2022 మొదట్లో పంజాబ్, ఉత్తరప్రదేశ్ ఎన్నికలు జరగవలసి ఉండగా అవి అప్పటికే దగ్గరపడ్డాయి. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా సాగిన దీక్ష వల్ల చట్టాలు రద్దయ్యాయా, ఎన్నికల భయం వల్లనా అని అడిగితే, ఆ దీక్ష లేకపోతే ఎన్నికల్లో ఆ భయం ఉండేదా అన్న ఎదురు ప్రశ్న వస్తుంది. కారణాలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయినప్పుడు వాటిని వేర్వేరు వాటాలుగా పంచడం సాధ్యం కాదు.

అందుకే నాకు మొదటి పద్ధతి మీద, అంటే అడుగడుగునా వెనక్కి తవ్వే పద్ధతి మీద, ఎక్కువ నమ్మకం. అందులో శ్రమ ఎక్కువ. ఒక్కో నిర్ణయానికి నెలలు పడుతుంది. ఫలితాన్ని ఒక అంకెలో చెప్పలేము. అయినా తేదీల వరుసను ఓపికగా పేరిస్తే మిగతా పద్ధతులకు కనిపించనివి కనిపిస్తాయి.

తేదీల వరుస చెప్పేది

2003లో వచ్చిన పొగాకు నియంత్రణ చట్టంలో పెట్టెల మీద పుర్రె, ఎముకల గుర్తు ఉండాలని రాశారు. 2004 ఫిబ్రవరిలో భారత్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. 2005 ఫిబ్రవరి 27న అది అమల్లోకి వచ్చింది. అందులోని 11వ అధికరణం ప్రకారం ఒప్పందం అమలైన మూడేళ్లలోగా పెట్టె మీద పెద్ద హెచ్చరికలు రావాలి. అవి 50 శాతమో అంతకు మించో ఉండడం మంచిది, 30 శాతానికి తగ్గకూడదు. అంటే మన దేశానికి గడువు 2008 ఫిబ్రవరి.

2006 జూలైలో మొదటి నిబంధనలు వచ్చాయి. వాటిలో హెచ్చరికకు 50 శాతం స్థలం కేటాయించారు. వాటి అమలు పదే పదే వాయిదా పడింది. విషయం మంత్రుల బృందం చేతికి వెళ్లింది. 2007లో చట్టాన్నే సవరించి పుర్రె గుర్తు తప్పనిసరి కాకుండా చేశారు. 2008 మార్చిలో కొత్త నిబంధనలు వచ్చాయి. 50 శాతం కాస్తా ముందు వైపు మాత్రమే 40 శాతం అయింది. చివరికి 2009 మే 31న, ఒప్పందం గడువు దాటిన పదిహేను నెలలకు, మొదటి హెచ్చరిక బొమ్మ పెట్టె మీదికి వచ్చింది.

ఈ వరుసలో ఒక్క చోట కూడా ప్రభుత్వం హెచ్చరిక బొమ్మ వద్దని అనలేదు. ఓటింగ్ జరిగి ఎవరూ ఓడిపోలేదు. పత్రికల్లో చాలాసార్లు ‘మరోసారి వాయిదా’ అన్న చిన్న వార్త మాత్రమే వచ్చింది. నిర్ణయాల జాబితా వేసి గెలుపోటములు లెక్కపెట్టే పరిశోధకుడి పట్టికలో ఇవేవీ చేరవు. అయినా పరిశ్రమ వైపు నుంచి చూస్తే 2006కూ 2009కూ మధ్య దక్కినవి స్పష్టమైన ప్రయోజనాలు: పుర్రె పోయింది, స్థలం తగ్గింది, మూడేళ్లు కలిసివచ్చాయి.

ఇక్కడ ఒప్పందం గడువు మనకు అరుదైన కొలబద్దగా పనికివస్తుంది. గుంపుల పోరాటంతో సంబంధం లేకుండా ముందే నిర్ణయమైన తేదీ కనుక, దానితో పోల్చి ఆలస్యాన్ని నెలల్లో చెప్పగలం. ఇరుగుపొరుగు దేశాలు మరో కొలబద్ద. థాయిలాండ్ 2014లో 85 శాతానికి వెళ్లింది. పాకిస్తాన్ 2015లో 85 శాతం ప్రకటించి, దాన్ని అమలు చేయకుండానే వదిలేసి, తర్వాతి ఏళ్లలో 50కి, ఆపైన 60కి వచ్చి ఆగింది. ఒకే అంకె, దాదాపు ఒకే కాలం. మన దగ్గర ఏడాది ఆలస్యంతో నిలిచింది, పాకిస్తాన్‌లో నిలవలేదు. ఈ పోలికతో ప్రభావం ఎంతో తేలకపోయినా, ‘లేకపోతే ఏమయ్యేది’ అన్న ప్రశ్నకు గాలిలో జవాబు వెతకనక్కరలేదని తెలుస్తుంది.

2015 నాటి ఏడాది ఆలస్యాన్ని తవ్వితే ఇంకో పొర బయటపడుతుంది. నిబంధనను ఆపమన్నది లోక్‌సభకు చెందిన ఒక కమిటీ. దాని అధ్యక్షుడు పొగాకుకూ క్యాన్సర్‌కూ ముడి ఉందని చెప్పే భారతీయ అధ్యయనాలు లేవని ఆ రోజుల్లో బహిరంగంగా అన్నారు. కమిటీ సభ్యుల్లో ఒకరు స్వయంగా బీడీ వ్యాపారం ఉన్నవారు. మనం సాధారణంగా ఒత్తిడి బృందాన్ని బయట నిలబెట్టి, ప్రభుత్వాన్ని లోపల కూర్చోబెట్టి, వాటి మధ్య జరిగే రాకపోకలను కొలుస్తాం. వ్యాపారి తానే సభ్యుడై లోపల కూర్చున్నప్పుడు ఏ గుమ్మం దగ్గర నిలబడి కొలవాలి?

చర్చకే రాని విషయాలు

1961లో రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ డాల్ అమెరికాలోని న్యూహేవెన్ నగరం మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించాడు. నగర పునర్నిర్మాణం, బడులు, పార్టీ అభ్యర్థుల ఎంపిక అన్న మూడు రంగాల్లో ఎవరి మాట నెగ్గిందో లెక్కగట్టి, ఏ ఒక్క వర్గమూ అన్నిటా చక్రం తిప్పడం లేదని తేల్చాడు. ఆ ముగింపు ఎంతోమందికి ఊరట కలిగించింది. మరుసటి ఏడాదే పీటర్ బాక్‌రాక్, మోర్టన్ బరాట్జ్ దానికి గట్టి అభ్యంతరం చెప్పారు. నిర్ణయానికి వచ్చిన విషయాలనే లెక్కపెడితే, నిర్ణయానికే రాకుండా ఆగిపోయిన విషయాల సంగతేమిటని వారు అడిగారు. నిజమైన బలం ఉన్నవాడు సభలో గెలవనక్కరలేదు, విషయం సభకు రాకుండా చూసుకుంటే చాలు.

జరగని దాన్ని ఎలా కొలవాలన్న ప్రశ్నకు మాథ్యూ క్రెన్సన్ 1971లో ఒక దారి చూపాడు. ఇండియానా రాష్ట్రంలో గ్యారీ, ఈస్ట్ షికాగో పక్కపక్క ఊళ్లు. రెండూ ఉక్కు పరిశ్రమ ఊళ్లే, రెండిటిలోనూ గాలి కాలుష్యం ఉంది. ఈస్ట్ షికాగో 1949లోనే కాలుష్య నియంత్రణకు నిబంధనలు చేసుకుంది. గ్యారీ 1962 దాకా ఆగింది. గ్యారీ ఒక్క ఉక్కు కంపెనీ కట్టించిన ఊరు, ఆ కంపెనీ అధిపతి పేరే దానికి పెట్టారు. పదమూడేళ్ల ఆ తేడా కాలంలో కంపెనీ గట్టిగా అడ్డుపడిన దాఖలా పెద్దగా కనిపించదు. అది మౌనంగా ఉంది, అంతే. కంపెనీకి కోపం వస్తుందేమో, ఉద్యోగాలు పోతాయేమో అన్న అంచనాతోనే ఊరు తనంతట తాను వెనక్కి తగ్గిందని క్రెన్సన్ వాదించాడు. అంటే ప్రభావం చూపడానికి లాబీయింగ్ చేయవలసిన అవసరం కూడా లేదు. లాబీయింగ్ ఖర్చును బట్టి ప్రభావాన్ని అంచనా కట్టేవారికి ఇది జీర్ణం కాని విషయం, ఎందుకంటే అందరికన్నా బలవంతుడి ఖాతాలో ఖర్చు సున్నా కనిపించవచ్చు.

మన పొగాకు విధానంలో ఇలాంటి జరగనివి వెతికితే దొరుకుతాయి. దశాబ్దాల పాటు ఏడాదికి 20 లక్షల బీడీలకు మించకుండా చేతితో చుట్టించే తయారీదారులకు కేంద్ర ఎక్సైజ్ సుంకం ఉండేది కాదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ల మీద 28 శాతం పన్నుతో పాటు పరిహార సెస్ కూడా వేశారు. బీడీల మీద 28 శాతం పన్ను మాత్రమే వేసి సెస్ జోలికి పోలేదు. విడిగా ఒక్కో సిగరెట్ అమ్మడాన్ని దేశమంతటా నిషేధించాలన్న ప్రతిపాదన 2015 జనవరిలో విడుదలైన సవరణ ముసాయిదాలో ఉంది. అది ముందుకు సాగలేదు. 2020 నాటి మరో ముసాయిదాలో మళ్లీ వచ్చింది. అదీ చట్టం కాలేదు. పాన్ డబ్బా దగ్గర ఒక్క సిగరెట్ కొని అక్కడే వెలిగించుకునేవాడి చేతికి పెట్టె రాదు, దాని మీది 85 శాతం బొమ్మా రాదు. హెచ్చరిక స్థలం మీద అంత పోరాటం జరిగిన దేశంలో, ఆ హెచ్చరికను కొనుగోలుదారుడి కంటికి చేర్చే నిబంధన మాత్రం ముసాయిదాల దగ్గరే ఆగింది. పరిశ్రమ ప్రభావాన్ని కొలిచేవారు 2016 నిబంధన కన్నా ముందు ఇక్కడ చూడాలన్నది నా అభిప్రాయం.

అంకెలతో చేసిన ప్రయత్నాలు

ఒక్కొక్క కథను తవ్వుకుంటూ పోతే మొత్తం చిత్రం ఎప్పటికి వస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే కొందరు వందల, వేల నిర్ణయాలను ఒకేసారి తీసుకుని గణాంక పద్ధతిలో పరీక్షించారు. మార్టిన్ గిలెన్స్, బెంజమిన్ పేజ్ 2014లో ప్రచురించిన అధ్యయనం వీటిలో అందరికన్నా పేరు తెచ్చుకుంది. 1981 నుంచి 2002 వరకు అమెరికాలో అభిప్రాయ సేకరణ జరిగిన 1,779 విధాన ప్రశ్నలను తీసుకుని, సగటు పౌరులు, సంపన్నులు, ఒత్తిడి బృందాలు ఒక్కొక్కరూ ఏమి కోరారో, చివరికి ఏమి జరిగిందో పోల్చి చూశారు. సంపన్నుల కోరికకూ, వ్యాపార బృందాల కోరికకూ ఫలితంతో గట్టి సంబంధం కనిపించింది. మిగతావాటిని లెక్కలోకి తీసుకున్నాక సగటు పౌరుడి కోరికకు విడిగా ఉన్న ప్రభావం సున్నాకు దగ్గరగా తేలింది. దీన్ని అమెరికాలో ప్రజాస్వామ్యం లేదన్న శీర్షికలతో పత్రికలు ప్రచారం చేశాయి.

తర్వాత వచ్చిన విమర్శను అంతగా ఎవరూ పట్టించుకోలేదు. అవే దత్తాంశాలను మళ్లీ పరిశీలించిన మరో బృందం, సంపన్నులూ మధ్యతరగతీ దాదాపు 90 శాతం ప్రశ్నల్లో ఒకే వైపు ఉన్నారని 2017లో చూపింది. ఇద్దరూ ఒకటే కోరినప్పుడు ఎవరి వల్ల జరిగిందో లెక్కతో తేల్చడం సాధ్యం కాదు. తేడా ఉన్న కొద్ది ప్రశ్నల మీదే ఆ పెద్ద ముగింపు బరువంతా పడింది. నేను ఆ అధ్యయనాన్ని కొట్టిపారేయడం లేదు. దాని నుంచి పత్రికలు తీసుకున్న నిశ్చయం దానిలో లేదని మాత్రమే అంటున్నాను.

మరో పెద్ద ప్రయత్నం ఫ్రాంక్ బామ్‌గార్ట్‌నర్, ఆయన నలుగురు సహచరులు 2009లో వెలువరించినది. లాబీయిస్టులు పనిచేస్తున్న విషయాల నుంచి 98 ఎంచుకుని నాలుగేళ్ల పాటు వెంటాడారు. దాదాపు అరవై శాతం విషయాల్లో ఏమీ మారలేదు. డబ్బు, సిబ్బంది ఎక్కువున్న పక్షానికి గెలిచే అవకాశం ఎక్కువేమీ కాదన్నట్టు తేలింది. పైపైన చూస్తే గిలెన్స్, పేజ్ చెప్పినదానికి ఇది విరుద్ధం. అయితే ఆ పరిశోధకులే ఇచ్చిన వివరణ ఈ వైరుధ్యాన్ని చాలావరకు విప్పుతుంది. ఇప్పుడు అమల్లో ఉన్న విధానం ఖాళీ పలక కాదు. గత పోరాటాల్లో బలవంతులు సాధించుకున్నవన్నీ అందులో ముందే చేరి ఉన్నాయి. దాన్ని అలాగే ఉంచుకోవడానికి కొత్తగా గెలవనక్కరలేదు. ఈ సంవత్సరపు డబ్బుకూ ఈ సంవత్సరపు మార్పుకూ సంబంధం వెతికితే తక్కువ కనిపించడం అందువల్లే. చిన్న బీడీ తయారీదారులకు ఒకప్పుడు ఎక్సైజ్ సుంకం లేకపోవడం అలాంటి పాత గెలుపు. దాన్ని నిలుపుకోవడానికి ఏటా ఎవరూ పెద్దగా ఖర్చు పెట్టనక్కరలేకపోయింది.

డబ్బును నేరుగా పట్టుకున్న లెక్కలూ ఉన్నాయి. 2004లో అమెరికా ఒక చట్టం ద్వారా విదేశాల్లో నిలిచిన లాభాలను స్వదేశానికి తెచ్చుకునే కంపెనీలకు 35 శాతం పన్నుకు బదులు 5.25 శాతమే వేసింది. ఆ రాయితీ కోసం లాబీయింగ్‌కు పెట్టిన ప్రతి డాలరుకూ కంపెనీలకు 220 డాలర్లకు పైగా మిగిలిందని 2009లో కన్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. విన్న వెంటనే గుండె ఝల్లుమనే అంకె ఇది. అయితే లాభం ఎక్కువ వచ్చే కంపెనీలే లాబీయింగ్‌కు దిగుతాయి కనుక, మొత్తం లాభాన్ని ఆ ఖర్చుకే అంటగట్టడం సరికాదు. అంతకన్నా జాగ్రత్తగా జరిగినది మాజీ సిబ్బంది మీద 2012లో వచ్చిన అధ్యయనం. ఒక సెనేటర్ దగ్గర పనిచేసి తర్వాత లాబీయిస్టులైనవారి ఆదాయం, ఆ సెనేటర్ పదవి వదిలిన వెంటనే 24 శాతం పడిపోయిందని అది చూపింది. వారి తెలివి ఒక్క రోజులో తగ్గదు. తగ్గినది పరిచయం విలువ. ‘లేకపోతే ఏమయ్యేది’ అన్న ప్రశ్నకు సమాజమే తనంతట తాను జవాబు చెప్పిన సందర్భం ఇది. ఇలాంటి సందర్భాలను వెతికి పట్టుకోవడమే ఈ రంగంలో నేర్పు.

హైకె క్లూవర్ అనే జర్మన్ పరిశోధకురాలి దారి వేరు. యూరోపియన్ కమిషన్ ముసాయిదాల మీద సంఘాలు పంపిన అభిప్రాయాలు బహిరంగంగా దొరుకుతాయి. ఆమె 56 ప్రతిపాదనలకు వచ్చిన వేలాది లేఖలను కంప్యూటరుకు ఇచ్చి, ఏ పదాలు ఎంత తరచుగా వస్తున్నాయన్న దాన్ని బట్టి ప్రతి సంఘాన్నీ ఒక గీత మీద నిలబెట్టి, ముసాయిదా నుంచి తుది పాఠానికి కమిషన్ ఎటు జరిగిందో చూసింది. ఒంటరి సంఘం బలం కన్నా, ఆ విషయంలో ఒకే వైపు నిలిచిన సంఘాలన్నిటి ఉమ్మడి బలమే ఫలితానికి ముఖ్యమని ఆమె తేల్చింది.

మన దగ్గర లేని రికార్డు

ఈ పరిశోధనలన్నిటికీ ఒక ఉమ్మడి ఆధారం ఉంది: కాగితం. అమెరికాలో 1995 చట్టం ప్రకారం లాబీయిస్టులు పేరు నమోదు చేసుకుని, ఎవరి కోసం ఎంత ఖర్చుతో పనిచేస్తున్నారో వెల్లడించాలి. మన దేశంలో అలాంటి చట్టం లేదు. ఫలితంగా 2012 డిసెంబరులో ఒక విచిత్రం జరిగింది. భారత మార్కెట్లో ప్రవేశంతో సహా పలు విషయాల మీద లాబీయింగ్‌కు 2008 నుంచి దాదాపు 2.5 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని వాల్‌మార్ట్ అమెరికా సెనేట్‌కు ఇచ్చిన నివేదికల ద్వారా మన పార్లమెంటుకు తెలిసింది. సభ అట్టుడికింది, కేంద్రం జస్టిస్ ముకుల్ ముద్గల్ నేతృత్వంలో విచారణ కమిటీ వేసింది. ఆ మొత్తంలో భారత్‌కు సంబంధించిన భాగం ఎంతో ఆ నివేదికల్లో విడిగా లేదు; అది అమెరికా అధికారులను కలవడానికి అయిన ఖర్చు తప్ప మన అధికారుల సంగతి చెప్పదు. అయినా మన దేశానికి సంబంధించిన లాబీయింగ్ గురించి ఆ మాత్రం సమాచారం కూడా మనకు పరాయి దేశపు రిజిస్టరు నుంచే దొరికింది.

ఎన్నికల బాండ్ల విషయంలో సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కొట్టివేసి వివరాలు వెల్లడించమన్నాక, ఏ కంపెనీ బాండ్లు ఏ పార్టీకి చేరాయో మార్చిలో దేశానికి తెలిసింది. పరిశోధకులకు అది పెద్ద గని. బాండు కొన్న తేదీనీ, కాంట్రాక్టు దక్కిన తేదీనో దర్యాప్తు సంస్థల దాడి జరిగిన తేదీనో పక్కపక్కన పెట్టినప్పుడు అనుమానానికి బలం వస్తుంది. అయితే తేదీలు దగ్గరగా ఉండడం రుజువు కాదు. పెద్ద కంపెనీలకు కాంట్రాక్టులూ ఎక్కువే, విరాళాలూ ఎక్కువే. కొనని కంపెనీలతో పోల్చినప్పుడు మాత్రమే ఆ దగ్గరతనానికి అర్థం వస్తుంది.

ఎవరి పేరుతో ఎవరు

పొగాకు విషయంలో తెలుగు నేలకు ఉన్న ముడి చిన్నది కాదు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులో ఉంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోనూ, గోదావరి మెట్ట ప్రాంతాల్లోనూ పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల మీద ఆధారపడిన కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి ప్రాంతాల్లో లక్షల మంది ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. హెచ్చరికను పెంచవద్దని కోరిన వినతిపత్రాల్లో ఈ రైతుల పేరూ ఈ కార్మికుల పేరూ పదే పదే వినిపించాయి.

ఇక్కడే కొలతలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే లోపం ఉంది. రెండు పక్షాలుగా విభజించి చూసే పద్ధతుల్లో బీడీ కార్మికురాలు తయారీదారుడి పక్షంలో పడుతుంది. కానీ ఆమె దశాబ్దాలుగా అడుగుతున్నది వేయి బీడీలకు కూలి పెంచమని, పీఎఫ్ కట్టమని, గుర్తింపు కార్డు ఇమ్మని. ఆ కోరికలు తీర్చవలసినది అదే తయారీదారుడు. హెచ్చరిక తగ్గితే ‘కార్మికుల పక్షం’ గెలిచిందని పట్టికలో నమోదవుతుంది, ఆమె కూలి మాత్రం పెరగదు. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఇస్తున్న జీవన భృతి – మొదట నెలకు 1,000, 2019 నుంచి 2,016 రూపాయలు – ఆమెకు నిజంగా దక్కిన విధాన ఫలితం; అది పెట్టె మీది బొమ్మల వివాదంలో దక్కినది కాదు. అర్థశాస్త్రవేత్త మాంకర్ ఓల్సన్ 1965లోనే చెప్పినట్టు, కొద్దిమందికి పెద్ద లాభం ఉన్న చోట సంఘం తేలిగ్గా కట్టుకుంటారు. లక్షల మందికి తలా కొంచెం లాభం ఉన్న చోట కట్టుకోలేరు. కట్టుకోలేనివారి పేరును కట్టుకున్నవారు వాడుకుంటారన్నది దానికి కలుపుకోవలసిన మాట.

ప్రభుత్వం కూడా ఒకే మనిషి కాదు. ఆరోగ్య శాఖ బొమ్మ పెంచమంటుంది. వాణిజ్య శాఖ కింద ఉన్న పొగాకు బోర్డు పంట అమ్ముడుపోవాలని చూస్తుంది. కార్మిక శాఖ బీడీ కార్మికుల సంక్షేమాన్ని చూస్తుంది. దేశంలోని అతి పెద్ద సిగరెట్ కంపెనీలో ప్రభుత్వ రంగ బీమా సంస్థకు పెద్ద వాటా ఉంది. ఇలాంటి చోట ఒత్తిడి బయటి నుంచి మాత్రమే వస్తుందనుకోవడం పొరపాటు.

పొగాకు పరిశ్రమ గురించి ప్రపంచానికి ఇంత నిశ్చయంగా తెలియడానికి ఒక అసాధారణ కారణం ఉంది. 1998లో అమెరికాలో జరిగిన కోర్టు ఒప్పందాల వల్ల కంపెనీల లోపలి పత్రాలు లక్షలాదిగా బయటికి వచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాటిని భద్రపరిచింది. వాటి ఆధారంగానే 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మీదే కంపెనీలు సాగించిన ప్రయత్నాల గురించి నివేదిక వెలువరించింది. ఆ అనుభవంతో ఒప్పందంలో 5.3 అధికరణం వచ్చింది: ప్రభుత్వాలు పొగాకు పరిశ్రమ ప్రయోజనాల నుంచి తమ ఆరోగ్య విధానాన్ని కాపాడుకోవాలి. 2019 నుంచి పౌర సంఘాలు దీని ఆధారంగా దేశాల మధ్య జోక్యపు సూచికను కూడా తయారు చేస్తున్నాయి. అది పరిశ్రమ ఎంత సాధించిందో కొలవదు. ప్రభుత్వం తలుపు ఎంత తెరిచి ఉంచిందో కొలుస్తుంది. సమావేశాలు బయటపెడుతుందా, పరిశ్రమ విరాళాలు తీసుకుంటుందా, పదవి దిగిన అధికారులు కంపెనీల్లో చేరుతున్నారా అన్న ప్రశ్నలకు బహిరంగ సమాచారం నుంచే మార్కులు వేస్తారు. కొలవలేని ప్రభావం వెంట పడకుండా, కొలవగలిగిన తలుపును కొలవడం తెలివైన మార్పిడి అని నేను అనుకుంటాను.

మన దగ్గర ఆ తలుపును కొలవడానికి ఆధారం పుట్టించే మార్గం ఒకటి కాగితం మీద ఇప్పటికే ఉంది. 2014 నాటి చట్టపూర్వ సంప్రదింపుల విధానం ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు ముసాయిదాను కనీసం ముప్పై రోజులు ప్రజల ముందు ఉంచి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. సారాంశంతో పాటు అసలు లేఖలనూ, వాటిని పంపిన సంఘాల పేర్లనూ, మంత్రినీ కార్యదర్శినీ కలిసినవారి తేదీలనూ పెడితే, విడి సిగరెట్ల నిషేధం ఏ వారంలో, ఏ సమావేశం తర్వాత, ఎవరి లేఖలోని ఏ వాక్యంతో ముసాయిదాల దగ్గరే నిలిచిపోయిందో తెలుగు పాఠకుడు కూడా తన ఇంట్లో కూర్చుని వరుస పేర్చి చూసుకోగలుగుతాడు.